తీర్మానం పెట్టేవాళ్ళు ముందు శ్రుతి పెట్టె కట్టేయండి

పోస్టు కొంచెం పొడుగు, కాఫీ కలుపుకొని కూర్చోండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. అక్షర దోషాలుంటే దిద్దండి, విషయాన్ని మాత్రం దాటేయకండి.

విషయం మొన్నటి ఉగాది సాయంత్రానిది. మన సభ్యులొకరి మనవరాలు, ఇంజనీరింగ్ చదివే పిల్ల, తాను చేసిన సంగీతం లాప్‌టాప్‌లో వినిపించింది. మొత్తం పన్నెండు నిమిషాలు. తంబుర నాదాన్ని బాగా సాగదీసి, దాని కింద రాత్రిపూట చిక్కపేట అంగళ్ళ షట్టర్లు దించే చప్పుడు, మెట్రో మెట్ల మీద అడుగుల చప్పుడు కలిపింది. నాలుగో నిమిషంలో ఎవరో లేచి వెళ్ళి స్పీకరు కట్టేశారు. "నీళ్ళ మోటారు చెడిపోయిందనుకున్నాం" అని వెనక వరసలో నవ్వులు. ఆ పిల్ల వైర్లు చుట్టుకొని, తనూ నవ్వుతున్నట్టే ఉండి, భోజనం చేయకుండా వెళ్ళిపోయింది. ఇప్పుడు సర్వసభ్య సమావేశంలో తీర్మానమట: సంఘం కార్యక్రమాల్లో ఇకమీదట సంప్రదాయ సంగీతమే ఉండాలి, ఎలక్ట్రానిక్ సంగీతం వద్దు.

నేను ఈ తీర్మానానికి వ్యతిరేకం. కారణాలు వరసగా చెబుతాను. రైల్వేలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు రాసినవాణ్ణి, వరస తప్పితే నాకే తోచదు.

మొదటిది. అదే సాయంత్రం మనం ఇంకేమి విన్నాం? కీర్తనలు పాడిన అమ్మగారి పక్కన శ్రుతి పెట్టె కరెంటుతోనే మోగింది. సినిమా పాటలు ట్రాక్ పెట్టుకొని పాడారు, అందులో డోలక్ కొట్టింది మనిషి కాదు. హారతికి గంటా డోలూ కొట్టింది మోటారు మిషను. అవన్నీ సంప్రదాయం, ఆ పిల్లది మాత్రం ఎలక్ట్రానిక్! తీర్మానం నెగ్గితే హాలు లోంచి మొదట బయటికి పోవలసింది శ్రుతి పెట్టె.

ఆ ఎలక్ట్రానిక్ తంబుర పుట్టింది కూడా మన ఊళ్ళోనే. 1979లో జి. రాజ్ నారాయణ్ అనే బెంగళూరు ఇంజనీరు తయారు చేశారు. ఆయన వేణువు వాయించే మనిషి, తంబుర కష్టం తెలిసినవారు. రాడెల్ అనే పేరు పాట నేర్చుకునే మీ పిల్లలకు బాగా తెలుసు. బళేపేట వాద్యాల అంగట్లో దాన్ని మొదటిసారి చూసినప్పుడు నేనూ "డబ్బా" అన్నాను. తంబుర మోసుకొని రైలెక్కే విద్వాంసుల అవస్థ ప్లాట్‌ఫారం మీద రోజూ చూస్తూ కూడా అన్నాను. తప్పు నాది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దగ్గరికి రానివ్వలేదు. హార్మోనియం ఎక్కడికీ పోలేదు. మన గుళ్ళలో భజనలు, నాటకాల్లో పద్యాలు దాంతోనే సాగాయి.

రెండోది. "పాట లేదు, తాళం లేదు, ఇదేం సంగీతం" అన్నారు. ఆలాపనలో సాహిత్యం ఎక్కడుంది? తాళం ఎక్కడుంది? శ్రీరామనవమి కచేరీలకు ఫోర్ట్ హైస్కూలు మైదానంలో కూర్చొని తోడి ఆలాపనకు తలలూపేది మనం కాదా? నాదస్వరం వెనకాల ఒకాయన ఒకే స్వరం ఊదుతూ కూర్చునేవాడు. తమిళంలో దాన్ని ఒత్తు అంటారు. ఆయన ఊదుడు ఆపితే ముందున్న విద్వాంసుడి పని అయిపోయేది. ఆ పిల్ల చేసిందల్లా వెనక కూర్చున్న ఆ నాదాన్ని ముందు వరసలోకి తేవడమే.

దీన్ని బయట యాంబియెంట్ అంటారు. బ్రయాన్ ఈనో అనే ఇంగ్లీషాయన 1975లో ప్రమాదం జరిగి మంచం మీద ఉన్నాడు. వీణలాంటి హార్ప్ వాద్యం రికార్డు పెట్టుకున్నాడు, కానీ శబ్దం మరీ తక్కువైంది. లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన చప్పుడుతో కలిసి ఆ సంగీతం వినబడింది. వినికిడి అలా కూడా ఉండొచ్చని ఆయనకు అప్పుడు తట్టింది. 1978లో విమానాశ్రయాల కోసమని ఒక రికార్డు చేసి, ఆ రకానికి యాంబియెంట్ అని పేరు పెట్టాడు. తంబుర కింద పెరిగిన మనకు ఇందులో అంత వింత ఏముంది?

మూడోది. "ఇది విదేశీ సరుకు" అన్నవాళ్ళకు. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరు పెట్టి మనవాళ్ళు ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు అక్కడే పడి ఉండి, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. నేను మొత్తం విన్నాను. కొన్ని ముక్కలు కొత్త స్కూటరు హారన్ నొక్కి చూసే పిల్లల పనిలా ఉన్నాయి, దాచడం దేనికి. కొన్ని మాత్రం ఇప్పుడు చేసినట్టే ఉన్నాయి. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను సింథసైజర్ల మీద డిస్కో దరువుకు వాయించాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో బయటి దేశంవాళ్ళు మళ్ళీ అచ్చువేశాక మనం చప్పట్లు కొట్టాం. మన పిల్లను మెచ్చుకోవడానికి కూడా ఎవరో బయటివాళ్ళు వచ్చి చెప్పాలా?

కొత్తగా వచ్చేదంతా బంగారమని నేననడం లేదు. ఫోనులో "ధ్యాన సంగీతం, ఎనిమిది గంటలు" అని వస్తుంది చూడండి. కాస్త వాన, కాస్త వేణువు, మధ్యలో ఒక ఓంకారం. అది సంగీతం కాదు, నిద్రమాత్ర. దాన్ని తిట్టండి, నేనూ కలుస్తాను. కానీ అరుషి జైన్ అనే అమ్మాయి 2024లో "డిలైట్" అని ఒక ఆల్బమ్ చేసింది. హిందుస్తానీ నేర్చుకున్న పిల్ల. బాగేశ్రీ రాగాన్ని సింథసైజరు మీద, తన గొంతుతో మెల్లగా విప్పింది. అక్కడక్కడ ప్రతిధ్వని ఎక్కువై రాగం మసకబారింది. అయినా నేను మూడుసార్లు విన్నాను. మన పిల్ల ముక్కలోనూ లోపాలున్నాయి. కింది స్థాయి శబ్దం మరీ బరువు, మన హాలు స్పీకరు దాన్ని మోయలేదు. షట్టర్ల చప్పుడు రెండుసార్లు చాలు. విన్న నాలుగు నిమిషాలకు నేను చెప్పగలిగింది ఇంతే. తక్కినది మీరు విననివ్వలేదు.

ఇంకొక మాట, నా సొంతది. నాలుగేళ్ళుగా నేను చెవి మిషను పెట్టుకొని తిరుగుతున్నాను. వేగంగా పాడే స్వరకల్పన నాకిప్పుడు గలగలమని రాళ్ళు పోసినట్టుంటుంది. నిదానంగా సాగే నాదం మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ సాయంత్రం మొత్తంలో నేను పూర్తిగా వినగలిగింది ఆ నాలుగు నిమిషాలే. నేను వినే ప్రతి శబ్దమూ ఎలక్ట్రానిక్ శబ్దమే. తీర్మానం ప్రకారం నన్నూ బయటికి పంపిస్తారా?

కాబట్టి నా ప్రతిపాదన రాసుకోండి. ఒకటి, తీర్మానం వెనక్కి తీసుకోవాలి. రెండు, స్పీకరు కట్టేసినవారు ఆ ఇంటికి వెళ్ళి, పిల్లతో ఒక్క మాట మాట్లాడి రావాలి. పేరు నేను చెప్పను, వారికే తెలుసు. మూడు, వచ్చే కార్యక్రమంలో ఆ పన్నెండు నిమిషాలూ వినిపించాలి. ముందు ఉపన్యాసం వద్దు, శాలువా వద్దు. నచ్చనివాళ్ళు బయట కాఫీ తాగి రావచ్చు.

హాలులో ఇరవై ఏళ్ళవాళ్ళు కనబడటం లేదని ప్రతి సమావేశంలో బాధపడేది మనమే. వచ్చిన ఒక్కరినీ ఎలా పంపించామో గుర్తుంచుకోండి.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి. తిట్టినా ఫర్వాలేదు, తెలుగులో తిట్టండి.