తీగంతా ఒకే కరెంటు

బల్బు ఎందుకు వెలుగుతుందని పదో తరగతి పిల్లల్ని అడిగితే ‘కరెంటు వస్తే వెలుగుతుంది సార్’ అంటారు. బాగా చదివే పిల్లలైతే ఓమ్ నియమం అప్పజెబుతారు. రెంటిలోనూ జవాబు లేదు. గోడలో వైరుకూ కరెంటు వస్తోంది, అది వెలగదు. స్విచ్చులోంచీ పోతోంది, వేలికి వేడి తగలదు. మీటరు నుంచి హోల్డరు దాకా, అక్కణ్నుంచి బల్బులోకి, మళ్లీ న్యూట్రల్ వైరు మీదుగా వెనక్కి, అంతటా ఒకే కరెంటు. 60 వాట్ల బల్బుకైతే సుమారు 0.26 ఆంపియర్లు. లోపలికి ఎంత వెళ్లిందో బయటికీ అంతే వస్తుంది. మరి ఆ ఒక్క చోటే వెలుగెందుకు? మన తరగతి గదులు ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషమైనా ఆగకుండా సూత్రాల్లోకి వెళ్లిపోతున్నాయన్నదే నా బాధ.

తేడా తీగలో ఉంది. గోడలో ఉన్నది రాగి. లైట్లకు వేసే ఒక చదరపు మిల్లీమీటరు వైరు పది మీటర్లు తీసుకున్నా దాని నిరోధం అర ఓము ఉండదు. బల్బులో ఉన్నది తల వెంట్రుక కంటే సన్నని టంగ్‌స్టన్ తీగ. స్ప్రింగులా చుట్టి, ఆ చుట్టనే మళ్లీ చుట్టి పెడతారు కాబట్టి ఇంతే కదా అనిపిస్తుంది గాని, సాగదీస్తే అర మీటరు దాటుతుంది. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం దాదాపు 880 ఓములు. ఆ ఇరుకులో ఎలక్ట్రాన్లు పరమాణువులను గుద్దుకుంటూ తమ శక్తిని వాటికి ఇచ్చేస్తాయి. పరమాణువులు అదురుతాయి. ఆ అదురే వేడి. అలా తీగ సుమారు 2,500 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఇనుమైతే 1,538 డిగ్రీలకే కరిగిపోయేది. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే గాని కరగదు.

అంత వేడెక్కిన ఏ వస్తువైనా వెలుగుతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, తర్వాత నారింజ రంగుకు తిరిగి, ఇంకా ఊదితే పసుపుపచ్చగా మెరవడం ఇదే. మన పల్లెల్లో లో వోల్టేజీ చూసినవాళ్లకు ఈ పాఠం చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఏడింటికి ఊరంతా స్విచ్చులు వేసేసరికి బల్బులో తీగ ఎర్రటి గీతలా కనిపించేది, పుస్తకంలో అక్షరం కనిపించేది కాదు. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే చాలు, వెలుగు సగానికి పడిపోతుంది. మిగిలిన ఆ కొద్ది వెలుగూ ఎరుపుకు తిరుగుతుంది. అర్ధరాత్రి ఊరు నిద్రపోయాక వోల్టేజీ పెరిగి అదే బల్బు భగ్గున వెలిగేది, ఒక్కోసారి మాడిపోయేది.

బల్బులో తీగ కోసం ఎడిసన్ 1879లో మాడ్చిన నూలుదారంతో మొదలుపెట్టి తర్వాత జపాను వెదురు వాడాడు. పెళుసుగా విరిగిపోయే టంగ్‌స్టన్‌ను తీగగా సాగదీయడం విలియం కూలిడ్జ్ సాధించేసరికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఆ తీగ గాలి తగిలితే క్షణాల్లో కాలిపోతుంది. అందుకే గాజుబుడ్డిలోంచి గాలి తీసేసేవారు. ఖాళీగా ఉంచితే లోహం ఆవిరై గాజుకు నల్లగా పట్టేస్తోందని గమనించి, 1913లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ లోపల జడవాయువు నింపే పద్ధతి తెచ్చాడు.

ఇక పిల్లలు ఎప్పుడూ పొరబడే చోటు. స్విచ్చు వేయగానే కరెంటు ఎక్కడో విద్యుత్ కేంద్రం నుంచి పరుగెత్తుకొచ్చి బల్బులో దూరుతుందనుకుంటారు. అలా ఏదీ రాదు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో కదిలిన ఎలక్ట్రాను ఏదీ మన ఇంటికి చేరదు. దారిలో చాలా ట్రాన్స్‌ఫార్మర్లలో తీగచుట్టలు వేరువేరు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎలక్ట్రాను దాటడానికి దారే ఉండదు. రాగిలో ఎలక్ట్రాన్ల నడకా అంతంతమాత్రమే. చదరపు మిల్లీమీటరు వైరులో ఒక ఆంపియరు ఒకే దిశలో పోతుంటే గంటకు పాతిక సెంటీమీటర్లు. మన ఇళ్లకు వచ్చే ఏసీలో అదీ లేదు, సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతూ ఉన్నచోటే ఉంటాయి. రథోత్సవంలో మోకు ముందు కొస పట్టుకుని లాగితే వెనక రథానికి వెంటనే లాగుడు తెలుస్తుంది, మోకు ముందు భాగం రథం దాకా ప్రయాణించి రానక్కర్లేదు. ఎలక్ట్రాన్లు తీగ నిండా ముందే ఉన్నాయి. స్విచ్చు పడగానే వాటన్నిటికీ ఒక్కసారే ఊపు అందుతుంది. బల్బు దగ్గర ఖర్చయ్యేది ఆ ఊపు మోసుకొచ్చిన శక్తి. మనం బిల్లు కట్టేది దానికే.

నిరోధం ఎక్కువైతే వేడి ఎక్కువ అని రాసేసి ఊరుకుంటే ఇంకో చిక్కు. 100 వాట్ల బల్బు నిరోధం 60 వాట్ల దానికంటే తక్కువ, సుమారు 530 ఓములే. అయినా అదే ఎక్కువ వెలుగుతుంది! ఇంట్లో ప్రతి బల్బుకూ విడిగా 230 వోల్టులు అందుతాయి కాబట్టి, నిరోధం తగ్గితే కరెంటు పెరిగి వాట్లు పెరుగుతాయి. తీగ తెగిన బల్బును మెల్లగా ఊపి, తెగిన కొసలు తగిలేలా చేసి మళ్లీ వెలిగించే నేర్పు ఒకప్పుడు ఇంటింటా ఉండేది. అలా అతుక్కున్న బల్బు మునుపటికంటే ఎక్కువగా వెలిగేది. తీగ పొట్టిదై నిరోధం తగ్గింది మరి. ఎక్కువ రోజులు బతికేదీ కాదు. మామూలు బల్బులు కూడా స్విచ్చు వేసే క్షణంలోనే ఎక్కువగా పోవడానికి కారణం ఇలాంటిదే. చల్లగా ఉన్న తీగకు వేడి తీగ నిరోధంలో పదో వంతు కూడా ఉండదు, మొదటి క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఆ బల్బు వెలుగుగా మార్చేది తీసుకున్న శక్తిలో ఏ ఐదు శాతమో. తక్కినదంతా వేడి. కోళ్ల ఫారంలో కోడిపిల్లలకు బ్రూడర్ కింద కావలసింది ఆ వేడే గాని, చదువుకునే గదికి అది దండగ. ఎల్ఈడీ దారి వేరు. అందులో ఏదీ ఎర్రగా కాలనక్కర్లేదు. అర్ధవాహకపు రెండు పొరలు కలిసే చోట ఎలక్ట్రాను పై శక్తిస్థాయి నుంచి కిందికి దిగుతూ ఆ తేడాను నేరుగా కాంతిగా ఇచ్చేస్తుంది. నీలికాంతినిచ్చే ఎల్ఈడీ కుదిరాకే తెల్లకాంతి సాధ్యమైంది. నీలి ఎల్ఈడీ మీద పసుపు పూత వేసి తెలుపు చేస్తారు. ఆ నీలి ఎల్ఈడీకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. 60 వాట్ల పని 9 వాట్లతో అయిపోతోంది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. ఈ కాలంలో నేను మనసారా మెచ్చుకున్న ప్రభుత్వ పనుల్లో ఇదొకటి.

ఇళ్లలోంచి పాత బల్బు పోవలసిందే. బళ్లలోంచి పోకూడదు. గాజులోంచి తీగ కనిపిస్తూ, తన పని ఏమిటో కంటికి చూపించే పరికరం అదొక్కటే. ఎల్ఈడీ తెల్లటి మూతలో దాక్కుంటుంది. మూత తీసి చూపించే మాస్టారు ఉంటే అదీ పాఠమే. లోపలి చిప్పులు చాలావాటిలో వినాయక చవితి పందిరికి కట్టే సీరియల్ సెట్ లాగానే వరసగా కలిపి ఉంటాయి. ఒక్క చిప్పు మాడి నల్లచుక్క పడితే బల్బు మొత్తం ఆరిపోతుంది. బజార్లో రిపేరు చేసే కుర్రాడు ముందు వెతికేది ఆ చుక్కనే.

భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటుంది. మోటారు వైండింగ్ షాపుల్లో సీరీస్ బోర్డు, అంటే బల్బును వరసలో కలిపి పరీక్షించే బోర్డు, ఇప్పటికీ వాడుతున్నారు. అలాంటిది ఒకటి బడికి తయారు చేయించండి. 40 వాట్ల బల్బునూ 100 వాట్ల బల్బునూ వరసలో కలపండి. ఏది వెలుగుతుందని ముందు ప్రతి పిల్లా పిల్లవాడి చేతా కాగితం మీద రాయించండి, ఎందుకో కూడా. చాలామంది 100 అని రాస్తారు. బోర్డును పిల్లల చేతికి అందనంత దూరంలో పెట్టి, అప్పుడు మీరు స్విచ్చు వేయండి. 40 వాట్లది వెలుగుతుంది, 100 వాట్లది దాదాపు చీకటిగానే ఉండిపోతుంది. నల్లబల్ల మీద సూత్రం ఆ తర్వాతే రాయండి.