గ్యాసు బావులు – స్త్రీల నష్టం

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. కొబ్బరితోటలు మాడిపోయాయి, జనం ఇళ్ళు వదిలి వెళ్ళిపోవలసివచ్చింది. ఇలాంటి ప్రమాదాలప్పుడే ఈ బావులు వార్తలవుతాయి. మామూలు రోజుల్లో భూమికి, నీటికి జరిగే నష్టం గురించి చర్చే ఉండదు.

ఆ నష్టాన్ని తగ్గించే పద్ధతులున్నాయి. ఒకే స్థలం నుంచి ఏటవాలుగా అనేక బావులు తవ్వితే భూమి తక్కువ పోతుంది. రసాయనాలు కలిసిన బురదను గోతుల్లో వదలకుండా ట్యాంకుల్లో ఉంచి శుద్ధి చేస్తే ఊరి నీళ్ళు చెడే ప్రమాదం తగ్గుతుంది. పని ముగిశాక పైమట్టిని తిరిగి పరిస్తే పొలం కోలుకుంటుంది.

కానీ వీటిని డిమాండు చేసే వేదిక ఏది? 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాసు అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా చేసింది. పట్టా ఉన్న మగవాడికి నష్టపరిహారమైనా అందుతుంది. అదే తోటలో కూలి చేసి, గేదెకు గడ్డి కోసుకునే స్త్రీ నష్టం లెక్కలోకి రాదు. ఉక్కు కోసం, పోర్టు కోసం ఊళ్ళు ఖాళీ అయిన విశాఖలో ఉన్న మనకిది తెలియనిది కాదు.

అన్వేషణ బావులకూ బహిరంగ విచారణ జరపాలని, నష్టం అంచనాలో స్త్రీల పనిదినాలను, మంచినీటి ఇబ్బందిని చేర్చాలని మహిళా సంఘాలు బావి తవ్వకముందే పట్టుబట్టాలి.