టికెట్‌ కన్నా ముందు కాగితం

స్పెయిన్‌ ఫుట్‌బాలర్‌ ఎడు గార్సియా కెరియర్‌లో ఉద్దానం యువతకు పనికొచ్చేదేంటి?

పని కోసం సముద్రాలు దాటడం ఉద్దానానికి కొత్త కాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస మండలాల్లో చాలా ఊళ్లలో గల్ఫ్‌లో వెల్డరుగానో, ఫిట్టరుగానో పనిచేసి వచ్చినవాళ్లు కనిపిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక సొంతూళ్లో నిలదొక్కుకోవడం ఇంకా కష్టమైంది. పలాస, టెక్కలి కాలేజీల్లో చదువుతూ ఉద్యోగం వెతుక్కుంటున్న మీలోనూ చాలామందికి ఇదే ఆలోచన: ‘బయటికెళ్తే బాగుపడతామా?’ దీనికి జవాబు కోసం ఓ ఫుట్‌బాల్‌ ఆటగాడి కెరియర్‌ని చూద్దాం. అతడూ పని కోసం దేశాలు తిరిగినవాడే. మన హైదరాబాద్‌కీ వచ్చినవాడే.

నాలుగేళ్లు... నాలుగు నగరాలు

ఎడు గార్సియా 1990లో స్పెయిన్‌లోని జరగోజాలో పుట్టాడు. సొంతూరి క్లబ్‌ రియల్‌ జరగోజాకే ఆడాడు. అతడిది అటాకింగ్‌ మిడ్‌ఫీల్డర్‌ స్థానం. అంటే మధ్యవరుసలో ఉంటూ, ముందున్నవాళ్లు గోల్‌ కొట్టడానికి దారి తీసే పని. అవకాశం దొరికితే తనే గోల్‌ కొట్టాలి కూడా.

2018 ఆరంభంలో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు. అదే ఏడాది చైనాలోని హాంగ్‌జౌ నగరానికి చెందిన జెజియాంగ్‌ గ్రీన్‌టౌన్‌ క్లబ్‌కు మారాడు. 2019 ఆరంభంలో కోల్‌కతా క్లబ్‌ ఏటీకేలో చేరాడు. 2020 మార్చి 14న గోవాలో కరోనా భయంతో ప్రేక్షకుల్లేకుండా జరిగిన ఐఎస్‌ఎల్‌ ఫైనల్లో ఏటీకే 3-1తో చెన్నైయిన్‌ను ఓడించింది. ఆ మూడు గోల్స్‌లో ఒకటి ఎడుది. మిగతా రెండూ మరో స్పెయిన్‌ మిడ్‌ఫీల్డర్‌ హావి హెర్నాండెజ్‌వి. ఆ తర్వాత ఏటీకే, మోహన్‌ బగాన్‌తో కలిసిపోయింది. 2021-22 సీజన్‌కు ఎడు హైదరాబాద్‌ ఎఫ్‌సీలో చేరాడు. ఆ సీజన్లోనే హైదరాబాద్‌ మొదటిసారి ఐఎస్‌ఎల్‌ కప్పు గెలిచింది.

ఇన్నిసార్లు మారినా పని ఎలా దొరికింది? ఒకటి, అతడి పని ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది. పాస్‌కు భాషతో పనిలేదు. రెండు, పరిచయాలు. అతడు వచ్చినప్పుడు బెంగళూరు కోచ్‌ ఆల్బర్ట్‌ రోకా, ఏటీకేని గెలిపించిన ఆంటోనియో హబాస్‌, హైదరాబాద్‌ కోచ్‌ మనోలో మార్కెజ్‌... ముగ్గురూ స్పెయిన్‌ వాళ్లే. హావి హెర్నాండెజ్‌ కూడా ఇలాగే ఒడిశా, బెంగళూరు, జంషెడ్‌పూర్‌ క్లబ్బులకు ఆడాడు. ఉద్దానం కుర్రాడు వెల్డింగ్‌ నేర్చుకుని, ముందే వెళ్లిన బావో బాబాయో పిలిస్తే వెళ్తాడు కదా, అదే దారి.

క్లబ్బే కుదేలైతే?

నైపుణ్యం, పరిచయాలు... ఇంతవరకూ ఇద్దరిదీ ఒకటే కథ. తేడా ఎక్కడొస్తుందంటే పనిచ్చినవాడు చేతులెత్తేసినప్పుడు.

2022లో కప్పు గెలిచిన హైదరాబాద్‌ ఎఫ్‌సీ, రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలతో వార్తల్లోకెక్కింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్లో జట్టు అట్టడుగున నిలిచింది. చివరికి 2025లో క్లబ్‌ పేరు మారి, ఢిల్లీకి తరలిపోయింది. 2025 జులైలో అయితే వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక ఏకంగా ఐఎస్‌ఎల్‌ సీజనే ఆగిపోయింది. అంటే ‘పెద్ద కంపెనీ, పెద్ద పేరు’ అన్న ధీమా ఎవరికీ రక్షణ కాదు.

మరి ఆటగాడికి రక్షణేంటి? కాగితం. ఫిఫా నిబంధనల ప్రకారం ఒప్పందం కనీసం ఆ సీజన్‌ చివరిదాకా ఉండాలి, అయిదేళ్లకు మించకూడదు. క్లబ్‌ రెండు నెలల జీతం ఇవ్వకపోతే ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి, 15 రోజుల గడువు పెట్టొచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. ఫిఫాకు ఫిర్యాదు చేయొచ్చు. బకాయి తీర్చని క్లబ్‌పై కొత్త నమోదుల నిషేధం పడుతుంది. డబ్బు ఆలస్యం కావచ్చు, కానీ అడిగే హక్కు పోదు.

‘వాళ్లు లక్షలు తీసుకునే ఆటగాళ్లు, మనకూ వాళ్లకూ పోలికేంటి?’ అనిపించొచ్చు. నిజమే, జీతంలో పోలిక లేదు. అయితే జీతం తక్కువున్నవాడికి కాగితం అవసరం ఇంకా ఎక్కువ. రెండు నెలల జీతం ఆగితే స్పెయిన్‌ ఆటగాడు ఇబ్బంది పడతాడు. మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి వెళ్లిన మన కుర్రాడి ఇల్లే కదిలిపోతుంది.

చదువుకున్నవాళ్లకే ఓ చిక్కు

ఇక్కడ కాలేజీ విద్యార్థులు గమనించాల్సిన విషయం ఒకటుంది. పదో తరగతి పాస్‌ కానివాళ్లకు ఈసీఆర్‌ పాస్‌పోర్టు ఇస్తారు. వాళ్లు గల్ఫ్‌ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. యజమాని ఎవరు, జీతమెంత అన్నది ఆ దశలో కొంతైనా పరిశీలనకొస్తుంది. మీకు ఆ అడ్డు లేదు. సుఖమే, కానీ ఆ పరిశీలన కూడా లేదన్నమాట. చూసుకోవాల్సింది మీరే.

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసే చూడండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ యువతను తీసుకెళ్లి, అక్కడ సైబర్‌ మోసాలు చేయించారు. కంప్యూటర్‌ తెలిసినవాళ్లనే వల వేసి పట్టారు. ‘చదువుకున్నాం, మనల్నెవరు మోసం చేస్తార్లే’ అనుకోవడానికి లేదు.

సంతకానికి ముందు ఈ అయిదూ

• ఏజెంటుకు లైసెన్సు ఉందా? విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపేవాళ్లు 1983 నాటి ఎమిగ్రేషన్‌ చట్టం కింద నమోదై ఉండాలి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్‌ పోర్టల్లో పేరు వెతికితే నిమిషంలో తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌నూ సంప్రదించొచ్చు.

• ఫీజు ఎంత? నమోదైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగితే, రసీదు ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి.

• వీసా ఏది? టూరిస్ట్‌ వీసాపై పంపి ‘అక్కడికెళ్లాక మారుస్తాం’ అంటే వెళ్లొద్దు. ఆ వీసాతో పనిచేసే హక్కు ఉండదు. జీతం ఎగ్గొడితే ఫిర్యాదుకీ వెళ్లలేరు.

• ఒప్పందంలో ఏముంది? కంపెనీ పేరు, పని, జీతం, పని గంటలు, గడువు, తిరుగు టికెట్‌ రాసి ఉండాలి. ఫొటో తీసి ఇంట్లోవాళ్లకి పంపండి.

• బీమా ఉందా? ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి రూ.10 లక్షల కవరేజీ ఉంది. రెండేళ్లకు ప్రీమియం రూ.275.

ఈ లెక్క విదేశాలకే కాదు, హైదరాబాద్‌లో కాంట్రాక్టు కొలువుకైనా, రేపు మూలపేట పోర్టులో దొరికే పనికైనా ఇదే. నియామక పత్రం, పీఎఫ్‌, జీతం తేదీ... అడిగితే ఉద్యోగం పోతుందేమోనని మొహమాటపడకండి. ఈ మూడూ అడిగితే పోయే ఉద్యోగం, చేరాక నిలుస్తుందన్న నమ్మకమూ లేదు.

ఊరు విడిచి వెళ్లడం ఓటమి కాదు, ఏడాది కాంట్రాక్టు తక్కువ పనీ కాదు. చేతిలో నాలుగు చోట్ల చెల్లే పని ఉండాలి. ఆ పనికి కూలి అడిగి తీసుకునే కాగితమూ ఉండాలి. మొదటిది కాలేజీలోనో, శిక్షణ కేంద్రంలోనో నేర్పుతారు. రెండోది మాత్రం మీరే అడిగి తీసుకోవాలి.