కన్నీటికి కారణం యంత్రమెరుగునా?

సంకల్పం చెప్పించేటప్పుడు గోత్రనామాలు పలుకుతూ గొంతు వణికిన భక్తులను పద్మారావు నగర్‌లో ఎందరినో చూశాను. గత కార్తికంలో ఒక తల్లి స్వరం అట్లే గద్గదమైనది. దుఃఖమనుకొని ఊరడింపు మాటలు ప్రారంభించాను. ఆమె కన్నీళ్ల నడుమనే నవ్వి, ఏడేళ్ల తరువాత కుమారుడు ఇల్లు చేరాడని చెప్పినది. నలభై ఏళ్ల అర్చకత్వం ఆ క్షణాన నన్ను ఆదుకోలేదు.

మనిషి మనోభావాన్ని పసిగట్టి తదనుగుణంగా నడుచుకునే కంప్యూటర్ల గురించి విన్నప్పుడల్లా ఆ పొరపాటే జ్ఞప్తికి వస్తున్నది. ఈ విద్యకు పేరుపెట్టిన గ్రంథాన్ని అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యురాలు రోజలిండ్ పికార్డ్ 1997లో వెలువరించారు. మన తెలుగుకూ ఇందులో పాలున్నది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది చేత 15 తెలుగు వాక్యాలను కోపం, కరుణ, భయం, జుగుప్స, వెటకారం మొదలైన ఎనిమిది తీరులలో, పది విడతలు పలికించి, 12,000 ఉచ్చారణలు భద్రపరచి 2009లో ప్రకటించారు. అనగా యంత్రానికి గురువు నటుడు! అభినయించిన కరుణను విని అది అసలు కరుణను గుర్తించవలెను.

భరతముని ఈ చిక్కును ఏనాడో గుర్తించాడు. స్వేదం, రోమాంచం, స్వరభేదం, అశ్రువు మున్నగు సాత్త్విక భావాలు ఎనిమిది. నేటి పరికరాలు కొలిచే చెమట, స్వరం ఇందులోనివే. అయితే కన్నీటికి ఆనందం, శోకం, భయంతోపాటు పొగను, కాటుకను కూడా ముని కారణాలుగా చెప్పాడు. హోమగుండం వద్ద కూర్చున్నవారికి ఇది వ్యాఖ్యానం అక్కరలేని మాట.

ఆటలన్నీ చెడ్డవని నేననను. 2015లో వచ్చిన ‘నెవర్‌మైండ్’ అనే ఆట గుండె వేగాన్ని గమనించి, ఆడేవాడు భయపడితే కఠినమవుతుంది, శాంతిస్తే సులువవుతుంది. ప్రాణాయామానికి ఇది మరీ దూరం కాదు. కానీ అదే విద్యతో, విసుగుపడి లేవబోతున్న బాలుని కనిపెట్టి, సరిగ్గా అప్పుడే ఒక బహుమతి చూపి కూర్చోబెట్టవచ్చును గదా! ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుండి పాఠశాలల్లో, పనిచోట్ల మనోభావాలను పసిగట్టే యంత్రాలను, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, నిషేధించినది. ఆటలు ఆ నిషేధంలోకి రావు. పిల్లలుండేది అక్కడే.

నిర్మాతలను నేను కోరేది స్వల్పం. యంత్రం తాను ఊహించినదేమిటో ఆడేవానికి ముందుగా చెప్పవలెను, కాదంటే వినవలెను. ఆ తల్లి నన్ను సరిదిద్దగలిగినది. నేను నోరు మూసుకొని సంకల్పం మళ్లీ మొదటినుండి చెప్పించాను. పన్నెండేళ్ల బాలునికి ఆ తెరమీద “నీవనుకున్నది తప్పు” అని చెప్పేందుకు ఒక మీటయినా ఉండవద్దా?