గొడ్లు మనవి, గొడ్ల డాక్టరు మనవాడెందుకు కాకూడదు?

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, వేలేరుపాడు మండలాల గూడేల్లో గొడ్డో, మేకో, నాలుగు నాటుకోళ్లో లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. ఏలూరు దాటి కొల్లేరు వైపు దిగితే యానాది పేటల్లో బాతులు, ఎరుకల వాడల్లో పందులు కనిపిస్తాయి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, మేకలకు పారుడు రోగం, కోళ్లకు కొక్కెర తెగులు - ఈ పేర్లు మన పిల్లలకు పుస్తకంలో చదవకముందే తెలుసు. ఏ గొడ్డు మేత మానేసిందో, ఏ మేక మందలో వెనకబడిందో పదేళ్ల పిల్ల చెప్పగలదు.

అయినా ఆ గొడ్డుకు సూది వేసే డాక్టరు మనవాడు కాడు. చచ్చిన గొడ్డుకు పరిహారం కాగితం మీద సంతకం పెట్టేవాడూ మనవాడు కాడు. ఎందుకని?

"మీ పిల్లలకు ఆసక్తి లేదు" అంటారు కొందరు. "రిజర్వేషన్ ఉందిగా, ఇంకేం కావాలి?" అంటారు మరికొందరు. "మనకు అంత చదువెందుకు, కానిస్టేబులో టీచరో అయితే చాలు" అని మన తోటి ఉపాధ్యాయులే అనడం మేం విన్నాం. ఈ మూడు మాటలకూ జవాబు చెప్పాల్సిన సమయం వచ్చింది.

ముందు ఆసక్తి సంగతి. మా దగ్గర పదో తరగతి చదివిన పిల్లల్లో చాలామంది ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నారు. ర్యాంకు రాలేదు. ఇంట్లో కూర్చోలేక ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, జంగారెడ్డిగూడెంలోనో బీఎస్సీలో చేరారు. డిగ్రీ రెండో ఏడు వచ్చేసరికి "సార్, ఇప్పుడు గొడ్ల డాక్టరు చదవడానికి వీలవుతుందా?" అని అడుగుతున్నారు. ఆసక్తి లేనివాళ్లు అడిగే ప్రశ్న కాదది. వీలవుతుందా లేదా అని చెప్పేవాడు లేకపోవడమే ఇక్కడి లోపం.

అమెరికాలో పశువైద్యం చదవాలంటే పిల్లలు ముందు డిగ్రీ కాలేజీలో కావలసిన సైన్సు సబ్జెక్టులు చదువుతారు, ఆ తర్వాత నాలుగేళ్ల పశువైద్య కళాశాలకు వెళ్తారు. అక్కడ డిగ్రీ చదువే ఆ కళాశాలకు మెట్టు. మన దగ్గర ఆ మెట్టు లేదు. బీవీఎస్సీ సీటుకు కావలసింది ఇంటర్ బైపీసీ, ప్రవేశ పరీక్షలో ర్యాంకు. బీఎస్సీలో జంతుశాస్త్రం ఎంత బాగా చదివినా ఆ మార్కులు ర్యాంకులో ఒక్క అంకెను కూడా కదిలించవు. డిగ్రీలో ఉన్న పిల్ల మళ్లీ ఇంటర్ పిల్లలతో కలిసి అదే పరీక్ష రాయాలి.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. ఈఏపీసెట్‌లో 160 మార్కులకు 80 వృక్ష, జంతు శాస్త్రాలకు, 40 భౌతికశాస్త్రానికి, 40 రసాయనశాస్త్రానికి. నీట్‌లో 720కి 360 జీవశాస్త్రానికి, మిగతా రెండింటికి చెరో 180. ఏ పరీక్ష చూసినా సగం జీవశాస్త్రం, పావు ఫిజిక్స్, పావు కెమిస్ట్రీ. మన పిల్లలు డిగ్రీలో చదివేది వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, కెమిస్ట్రీ. నిన్నటిదాకా దాన్ని బీజెడ్‌సీ అన్నారు, 2023 నుంచి సింగిల్ మేజర్ అంటున్నారు. పేరేదైనా అందులో ఫిజిక్స్ లేదు. డిగ్రీ ఉన్నన్నాళ్లూ పావు పరీక్ష తుప్పు పడుతూ ఉంటుంది. మన పిల్ల ఓడిపోయేది గొడ్ల గురించి తెలియక కాదు, కప్పీల లెక్క, కటకాల లెక్క చెప్పే మాస్టారు లేక. పట్నంలో ఆ లెక్క చెప్పేవాడు ఉన్నాడు. కాని ఏడాదికి వాడు తీసుకునే ఫీజుకు మన ఇంట్లో ఉన్న జత ఎడ్లు అమ్మినా చాలదు.

ఇంకొకటి వయసు. బీవీఎస్సీకి ఏళ్లుగా ఉన్న నియమం ప్రకారం 17 నిండాలి, 22 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు 25. ఇల్లు మారి, బడి మారి, మధ్యలో ఏడాది పనికి పోయి వచ్చిన పిల్ల డిగ్రీ అయ్యేసరికి 21 లోనో 22 లోనో ఉంటుంది. ఆమెకు మిగిలేవి మూడు ప్రయత్నాలు. సీటు వస్తే ఆపైన చదువు ఐదున్నరేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ లెక్క తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి. డిగ్రీ అయ్యాక చెప్తే అది సలహా కాదు, సానుభూతి.

ఇక "రిజర్వేషన్ ఉందిగా" అన్న మాట. ఉంది. ఆరు శాతం. వంద సీట్లకు ఆరు. ఎస్టీ పిల్లలకు ఈఏపీసెట్‌లో కనీస అర్హత మార్కు లేదన్నదీ నిజమే. కాని ఆ ఆరు సీట్లకూ ర్యాంకు వరసే. ఆరేళ్ల వయసు నుంచి పట్నం బడిలో చదివినవాళ్లూ, లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీలో చదివినవాళ్లూ ఒకే వరసలో నిలబడాలి. తలుపు తెరిచి మెట్లు తీసేస్తే అది తెరిచిన తలుపు అవుతుందా?

రైతు కోటా సంగతి ఇంకా విడ్డూరం. వ్యవసాయ, పశువైద్య కోర్సుల ప్రవేశాల్లో రైతు బిడ్డలకని కొన్ని సీట్లు పెట్టారు. మంచిదే. కాని రైతు అనిపించుకోవాలంటే భూమి కాగితం చూపించాలి. తరతరాలుగా పందులు మేపే ఎరుకల కుటుంబం, కొల్లేటి గట్ల మీద బాతుల మంద తోలే యానాది కుటుంబం సెంటు భూమి లేనివాళ్లు. పందుల పెంపకం, బాతుల పెంపకం పాఠంగా చెప్పే కళాశాలకు వాటి మీదే బతికేవాళ్ల పిల్లలు రైతు బిడ్డలు కారు! ఏ గొడ్డూ తోలకుండా పాస్‌బుక్ మాత్రం ఉన్నవాళ్లు రైతులు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా ఈ కోటాకు చెల్లుతుందని ప్రకటనలోనే రాయాలి. పశువుల మీద బతికే భూమిలేని కుటుంబాన్నీ అందులో చేర్చాలి.

"టీచరు ఉద్యోగం చాలు" అనేవాళ్లకు ఒక్క విషయం గుర్తుచేస్తాం. మేం ఉపాధ్యాయ శిక్షణ చదివి ఈ ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లం. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనకున్న ఒక్క నిచ్చెననూ లాగేశారు. దాని కోసం పోరాడుతూనే ఉండాలి. కాని జాతి మొత్తం ఒకే నిచ్చెన మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ రోజు చూశాం. మరో నిచ్చెన వేసుకోవడం తప్పనిసరి.

గొడ్ల డాక్టరు మనవాడైతే ఏం మారుతుందంటారా? విశాఖ మన్యంలో దొమ్మ రోగంతో చచ్చిన గొడ్డు మాంసం వల్ల మనుషులకూ ఆ జబ్బు సోకింది, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ మాంసం ఎందుకు ముట్టకూడదో కోయలో, మన ముసలివాళ్ల ముందు కూర్చుని, కించపరచకుండా చెప్పే డాక్టరు కావాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్‌ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు కిలోమీటరు లోపల ఫారం కోడైనా పెరటి కోడైనా చంపి పూడ్చాల్సిందే. ఆ పని ఎందుకో పేటకు వచ్చి విడమరిచి చెప్పేవాడు, నాలుగు కోళ్లు పోయిన ఇంటి పేరు కూడా పరిహారం జాబితాలో రాసేవాడు కావాలి. కొల్లేటి లంకల్లో తడి మేత మేసే గేదెకు నత్తల ద్వారా కార్జపు జలగలు పడతాయి. ఆ నత్త ఏ గుంటలో ఉంటుందో అక్కడ పుట్టినవాడికే ముందు తెలుస్తుంది. మన పెద్దలు చాలా గూడేల్లో ఆవు పాలు పితికేవారు కాదు, పాలు దూడవి అనేవారు. దాన్ని వెనకబాటు అని నవ్వినవాళ్లే ఇప్పుడు దూడకు ముర్రుపాలు తాగించండని పోస్టర్లు వేస్తున్నారు. ఆ జ్ఞానానికి శాస్త్రం తోడు కావాలి. పోలవరం ముంపులో గొడ్లు అమ్ముకుని పునరావాస కాలనీలకు వచ్చిన కుటుంబాలకు మళ్లీ మందలు కట్టించడానికీ మనవాళ్లే కావాలి.

దూరం కూడా పెద్ద సాకు కాదు. ఏలూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోనే గన్నవరం పశువైద్య కళాశాల 1998 నుంచి ఉంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, పట్టణంలో నిట్ ఉన్నాయి. మన అడవి అంచున ఇన్ని పెద్ద చదువులు పెట్టారు. వాటి గోడలు కట్టడానికి కూలికి పోయినవాళ్లలో మనవాళ్లున్నారు. తరగతి గదిలోనూ ఉండాలి.

కాబట్టి మేం అడిగేది ఇది. కోటరామచంద్రపురం ఐటీడీఏ ప్రతి ఏడాదీ ఇంటర్ అయినవాళ్లకూ, డిగ్రీలో ఉన్నవాళ్లకూ తిండితో, వసతితో పది నెలల ఉచిత శిక్షణ పెట్టాలి. అందులో ఫిజిక్స్‌కు పూర్తికాలపు మాస్టారు ఉండాలి. గిరిజన జూనియర్ కాలేజీల్లో సైన్సు లెక్చరర్ల ఖాళీలు నింపాలి. కొల్లేరు వైపు మైదాన ప్రాంతపు యానాది, ఎరుకల పిల్లలనూ ఆ శిక్షణకు పిలవాలి.

డిగ్రీలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. ఇంటర్ రెండేళ్ల ఫిజిక్స్ పుస్తకాలు మొదటి సెమిస్టర్‌లోనే మళ్లీ తెరవండి, రోజుకు గంట చాలు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి గడియారం పెట్టుకుని రాయండి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు కనుక ఇంగ్లీషు భయంతో పరీక్షే మానుకోవద్దు. కులధ్రువీకరణ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి, కౌన్సెలింగ్ నాటికి పరుగెత్తితే సీటు దాటిపోతుంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. దానితో గ్రామంలో సహాయకుడి ఉద్యోగం వస్తుంది, అదీ గౌరవమైనదే. కాని "మీకు అదే చాలు" అని ఎవరైనా అంటే, ఎంత చాలో మేమే చెప్తామని అనండి.

తోటి ఉపాధ్యాయులారా, ప్రతి బడిలో తొమ్మిదో తరగతి గోడ మీద ఈ నాలుగు అంకెలు రాయండి: 17, 25, 80, 40. వాటి అర్థం ప్రతి పిల్లకూ, పిల్లాడికీ తెలిసేదాకా చెప్పండి. గొడ్డును కాసే చెయ్యి దానికి సూది కూడా వెయ్యగలదు. ఆ సూది పట్టే చదువు మన హక్కు.