మీ వీధిలో పడిన వాన లెక్కలోకి ఎందుకు రాదు? 1864 నుంచి సాగుతున్న కథ

రాత్రంతా మీ కాలనీలో వాన దంచికొట్టింది. ఉదయం వార్తల్లో చూస్తే మీ నగరంలో 'తేలికపాటి వర్షం' అని ఉంది. లెక్క తప్పా? చాలాసార్లు కాదు. వాన మీ వీధిలో పడింది, దాన్ని కొలిచే పరికరం మరెక్కడో ఉంది. కొలిచే కేంద్రాలు ఎక్కడ ఉండాలి, ఆ సమాచారం ముందు ఎవరికి చేరాలి? మన వాతావరణ శాఖ పుట్టుకే ఈ ప్రశ్నలతో ముడిపడి ఉంది.

మొదట ఎందుకు పెట్టారు?

ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసులో అబ్జర్వేటరీ కట్టింది. ప్రధానంగా ఖగోళ పరిశీలన కోసమే. నౌకాయానానికి, భూముల సర్వేకు ఆ లెక్కలు కావాలి. వాతావరణ నమోదు దాని వెంట వచ్చింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ ఏర్పాటు చేశారు. కానీ ఎక్కడి లెక్కలు అక్కడే ఉండేవి.

1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచెత్తింది. నెల తిరక్కుండానే, నవంబరు 1 రాత్రి, మచిలీపట్నాన్ని ఉప్పెన కమ్మేసింది. అక్కడ సుమారు 30 వేల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాత 1866లో ఒడిశా కరవు. విడివిడి లెక్కలతో లాభం లేదని ప్రభుత్వానికి అప్పుడు అర్థమైంది.

1875లో ఏం మారింది?

అప్పటిదాకా ఒక్కో ప్రావిన్సుది ఒక్కో పద్ధతి. పరికరాలు వేరు, రీడింగ్ తీసే వేళలు వేరు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ పని ఈ తేడాలను సరిచేసి, అన్ని కేంద్రాల రీడింగులను ఒకేచోటికి తేవడం. 1886లో ఆయన రుతుపవనాలపై తొలి దీర్ఘకాలిక అంచనా ఇచ్చారు.

అయితే తుపాను హెచ్చరికలు మొదట అందింది ఓడరేవులకే. కలకత్తా రేవుకు 1865లోనే ఆ ఏర్పాటు ఉంది. తీరంలో గుడిసెలో ఉన్నవారికి టెలిగ్రాం ఎవరిస్తారు?

శాఖకు వందేళ్లు దాటాక కూడా ఆ లోటు తీరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. తుపానును గుర్తించడం ఒక ఎత్తు, ఆ కబురు అందుకున్న ఊరు ఖాళీ కావడం మరో ఎత్తు. తుపాను షెల్టర్లు, ముందస్తు తరలింపుపై శ్రద్ధ ఆ తర్వాతే పెరిగింది.

ఇప్పుడు మీరు చూడాల్సినవి

• వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం అంటే, ముందురోజు ఉదయం 8.30 నుంచి ఈరోజు ఉదయం 8.30 వరకు పడిన వాన. 9 గంటలకు పడింది రేపటి లెక్కలోకి వెళ్తుంది.

• రాష్ట్ర ప్రభుత్వాల ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు వేరే ఉన్నాయి. రెండు అంకెలు కలవకపోతే ఏ స్టేషన్‌దో చూడండి.

• పసుపు రంగు అప్రమత్తం కమ్మని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే చర్య తీసుకోమని అర్థం.

• ఊళ్లో మీవాళ్లు వాతావరణ ఆధారిత పంట బీమా తీసుకుంటే, ఏ స్టేషన్ రీడింగ్ లెక్కిస్తారో ముందే అడగమనండి. పరిహారం ఆ అంకెతోనే తేలుతుంది.

కేంద్రం 2024లో రూ.2,000 కోట్లతో 'మిషన్ మౌసమ్'కు ఆమోదం తెలిపింది. రాడార్లు, పరిశీలన పరికరాలు పెంచడం అందులో భాగం. అవి మీ జిల్లాకు ఎన్ని వస్తున్నాయి, ఉన్నవి పనిచేస్తున్నాయా అని మీ ప్రజాప్రతినిధిని అడగండి.