పసిపిల్లలు - దండన - హద్దులు

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను బిడ్డలను కొట్టేవారు తరచుగా సాక్ష్యానికి పిలుస్తారు. మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతం ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందినది. లేత తీగను దారంతో కట్టి పందిరికి ఎక్కించేవారేగాని, కర్రతో కొట్టి ఎక్కించిన తోటమాలి ఉన్నట్లు మేము వినలేదు. అట్లని పిల్లలను వారి ఇష్టానికి విడిచిపెట్టవలెనని మా అభిప్రాయం కాదు. హద్దు ఉండవలసిందే. అది బిడ్డ వయస్సుకు తగినదా అన్నదే ప్రశ్న.

ఈనాడు మేడ్చల్ పారిశ్రామికవాడ చుట్టూ ఒకే గదిలో అద్దెకుంటున్న కుటుంబాలెన్నో ఉన్నవి. వంట, పడక, బిడ్డ ఆట అన్నీ అక్కడే. గ్యాసు పొయ్యి నేలమీదనే ఉంటుంది, వాకిట్లో నీళ్ల సంపు. తల్లిదండ్రులిద్దరూ పనికి పోతే నానమ్మో, ఎనిమిదేళ్ల అక్కో కాపలా. రెండేళ్ల బిడ్డ పొయ్యి దగ్గరకు పోగానే వీపుమీద దెబ్బ పడుతుంది. మరునాడు బిడ్డ మళ్లీ అక్కడికే పోతుంది. అది మొండితనం కాదు. నిన్న విన్న మాటను తలచుకొని తన చేతిని తానే ఆపుకొనే శక్తి ఆ వయస్సుకు ఇంకా రాదు. పొయ్యిని గట్టుమీదికి మార్చి, సంపు మూతకు తాళం వేస్తే ఆ దెబ్బ అవసరమే ఉండదు. నాలుగైదేళ్లు వచ్చిన తరువాత మాటతో చెప్పవచ్చును. అయితే అమ్మ కాదన్నదానిని నానమ్మ ఔనంటే ఆ మాటకు విలువ ఉండదు.

అలసి వచ్చిన తల్లి చేయి చేసుకొన్నంత మాత్రాన ఆమెను నిందించడం మా ఉద్దేశం కాదు. కాని భయం నేర్పే విద్య ఏమిటో ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో వివరించినాడు. కాఠిన్యంతో పెరిగిన బిడ్డ శిక్ష తప్పించుకొనుటకు అబద్ధాన్ని, కపటాన్ని అలవరచుకొంటాడని ఆయన హెచ్చరిక. గ్లాసు పగులగొట్టి పిల్లిమీద నెపం వేసే పిల్లలు ఏ వీధిలో లేరు?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను నిషేధించినది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 2025లో మరొక ధర్మాసనం ఆ తీర్పును సందేహించి విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించినది. తుది నిర్ణయం ఏదైనా, మైనారిటీ సంస్థ అన్న పేరు బెత్తానికి నీడ కారాదు. ఇక ఇంటి సంగతి. పన్నెండేళ్లలోపు బిడ్డ మేలుకోరి సంరక్షకుడు సద్భావంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ రక్షణ కల్పిస్తున్నది. స్వీడన్ మాత్రం 1979లోనే ఇంటి దండనను సైతం నిషేధించినది.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటున్నది. షామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడివారిని, ఒక పిల్లల డాక్టరును పిలిచి, చుట్టుపక్కల తల్లిదండ్రులకు ఉర్దూలో, తెలుగులో ఒక సాయంత్రం సభ జరిపించండి. ఆదివారమైతే మంచిది. కర్మాగారాలకు సెలవు. అక్కకు కూడా బడి ఉండదు, ఆమెనూ వెంట తీసుకొని రమ్మనండి.